ఒక మాట కోసం వదిలేసిన కథలు: అమరావతి శిల్పకథనం – తెలుగు సాహిత్యచరిత్ర

తెలుగు భాషాసాహిత్య చరిత్రలలో అమరావతి పేరు సాధారణంగా ఒకే సందర్భంలో వినిపిస్తుంది. అక్కడి రాతిపై వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన ‘నాగబు’ తొలి తెలుగు పదమా కాదా అన్న చర్చ ఆ సందర్భం. అది విడిపదమా, సమాసంలోని ఖండమా, చివరి ‘బు’ తెలుగు ప్రత్యయమేనా అన్న వాదోపవాదాలు తరాలుగా సాగుతున్నాయి. ఆ చర్చకు భాషాశాస్త్రంలో న్యాయమైన స్థానం ఉంది. దానితో ఈ వ్యాసానికి పేచీ లేదు. పేచీ అంతా ఆ చర్చ ముగిసిన చోట మన సాహిత్యచరిత్రకారులు అమరావతినుంచి తిన్నగా నన్నయ వద్దకు నడిచిపోవడంతోనే.

మూడక్షరాలు దొరికిన ఆ మహాచైత్యం చుట్టూ ఉన్న వేదిక స్తంభాలమీద, సూచులమీద, ఉష్ణీషంమీద, చైత్యశరీరానికి తాపడం చేసిన ఫలకాలమీద కథలున్నాయి. జననం, మహాభినిష్క్రమణం, మారవిజయం, దానం, లోభం, భయం, శరణాగతి ఆ కథల వస్తువులు. కృష్ణాతీరంలో జగ్గయ్యపేట, గోలి, నాగార్జునకొండ శిల్పాలను కూడా కలుపుకుంటే క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాల నుంచి క్రీ.శ. 3, 4 శతాబ్దాల వరకు విస్తరించిన కథనసంపుటి ఒకటి మన కళ్ల ముందు నిలుస్తుంది. ఒక మాటలోని ప్రత్యయం కోసం భూతద్దం పట్టిన విద్యారంగం, ఆ మాట దొరికిన చోటనే ఉన్న కథలను ‘కళాచరిత్రకారుల సొత్తు’ అని వదిలివేసింది. ఆ వదిలివేత పొరపాటున జరిగిన లోపం కాదని, సాహిత్యం అంటే ఏమిటో మనం పెట్టుకొన్న నిర్వచనంలోనే దాని మూలం ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ పాఠానికి సేవకురాలా?

శిల్పకథనాన్ని సాహిత్యవిద్యార్థి చదవనక్కరలేదన్న అభిప్రాయానికి ఆధారం ఒక నమ్మకం. కథ ముందుగా గ్రంథంలో ఉంటుంది, శిల్పి దానిని బొమ్మగా మారుస్తాడు, కాబట్టి కథ కావలసినవాడు గ్రంథం చదివితే చాలు అన్నది ఆ నమ్మకం. ఈ పద్ధతిలో పరిశోధన అంటే గుర్తింపు మాత్రమే. ఫలకాన్ని చూడడం, పాళీ జాతకసంపుటి తెరవడం, పోలిన కథ దొరకగానే దాని సంఖ్య వేసి ముందుకు సాగడం. ఫెర్గూసన్ 1868లో ప్రచురించిన గ్రంథం, అమరావతి–జగ్గయ్యపేట స్తూపాలపై బర్జెస్ 1887లో వెలువరించిన నివేదిక, మద్రాసు మ్యూజియం శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో ప్రచురించిన గ్రంథం ఈ గుర్తింపు దశకు మైలురాళ్లు. ముఖ్యంగా శివరామమూర్తి సంస్కృత కావ్యపరిచయంతో ఫలకాలలోని వేషభాషలను, ఉపకరణాలను, సన్నివేశాలను వెలిగించిన తీరు నేటికీ ఆదర్శం. ఆ పని లేకుండా తర్వాతి పని ఏదీ సాధ్యం కాదు. అయితే గుర్తింపు చదువుకు తొలిమెట్టు. మనం దానినే శిఖరంగా భావించి అక్కడ ఆగిపోయాం.

ఈ నమ్మకంలోని మొదటి దోషం కాలానికి సంబంధించినది. పాళీ జాతకాలలోని గాథలు ప్రాచీనాలే. వాటిని చుట్టుకొని ఉన్న గద్యకథ మాత్రం, ఇప్పుడు మన చేతిలో ఉన్న రూపంలో, సుమారు క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలో స్థిరపడిన జాతకట్ఠకథ. అమరావతి శిల్పి ఉలి దించి రెండు శతాబ్దాలు గడిచిన తరువాత స్థిరపడిన పాఠానికి అమరావతి ఫలకం ‘అనువాదం’ ఎట్లా అవుతుంది? శిల్పి విన్న కథ ఆ కథకు పూర్వరూపమో, సోదరరూపమో అయి ఉండాలి. అటువంటప్పుడు ఫలకమే ఆ రూపానికి సాక్ష్యం. సాక్షిని బోనులో నిలబెట్టి, తర్వాత పుట్టినవాడి మాటతో అతని వాఙ్మూలాన్ని దిద్దడం ఏ న్యాయశాస్త్రంలోనూ లేదు.

రెండవ దోషం సంప్రదాయానికి సంబంధించినది. అమరావతి శాసనాలు చైత్యకులను పేర్కొంటాయి. నాగార్జునకొండ శాసనాలు అపరమహావినసేలియులను పేర్కొంటాయి. ఆంధ్రదేశంలోని ఈ శైలశాఖలు మహాసాంఘిక వర్గానికి చెందినవి. వాటి పిటకం మనకు సమగ్రంగా దక్కలేదు. నాగార్జునకొండలో సింహళవిహారం ఉన్నమాట నిజమే, దీఘ–మజ్ఝిమ నికాయాలలో నిష్ణాతులైన భిక్షువుల ప్రస్తావన అక్కడి శాసనంలో ఉన్నమాటా నిజమే. అంతమాత్రాన ఒక శాఖవారి చైత్యంపై కథలను మరొక శాఖవారు కాపాడుకొన్న గ్రంథంతోనే కొలవాలన్న నియమం సిద్ధించదు. గ్రంథం నశించిన సంప్రదాయానికి రాయే గ్రంథం.

మూడవ దోషాన్ని ఒక్క ఉదాహరణ బయటపెడుతుంది. పాళీ జాతకాలలోని శిబిరాజు తన కన్నులను దానం చేస్తాడు. నాగార్జునకొండ శిల్పంలోని శిబి పావురాన్ని కాపాడడానికి తన తొడమాంసాన్ని కోసి తక్కెడలో తూచి ఇస్తాడు. ఈ కథ పాళీ జాతకసంపుటిలో లేదు. మహాభారతంలో ఉంది, ఉత్తరదేశపు బౌద్ధ వాఙ్మయంలో ఉంది. అరణ్యపర్వ కథగా తెలుగు విద్యార్థి తరగతిలో చదివే శిబి ఈ శిబియే. అంటే భారతం తెలుగులోకి రావడానికి సుమారు ఏడు శతాబ్దాల ముందే ఆ కథ కృష్ణాతీరంలో రాతిమీద ప్రజలకు తెలుసు. ఈ సంగతి తెలుగు శాఖలో బోధనాంశం కాకపోవడానికి కారణం ఏమిటి? పాళీ పుస్తకంలో దొరకనిది పాళీ నిపుణులకు సమస్య అయింది. బౌద్ధమైనది భారత పండితులకు పరాయిదయింది. ఇద్దరి మధ్య కథ అనాథ అయింది.

రాయి కథ చెప్పే తీరు

శిల్పం పాఠానికి దాసి కాదని చెప్పడంతో వాదం ముగియదు. శిల్పానికి తనదైన కథనవ్యాకరణం ఉందని కూడా చూపాలి. ఈ విషయంలో విద్యా దెహేజియా 1990లో ప్రకటించిన వ్యాసం, 1997లో వెలువరించిన గ్రంథం దారి వేశాయి. ఒక కథను ఒకే దృశ్యంతో సూచించడం, దృశ్యాలను విడివిడి చట్రాలలో వరుసగా పేర్చడం, చట్రాలు లేకుండా ఒకే పాత్రను మళ్లీ మళ్లీ చూపుతూ కథను నడపడం, వేర్వేరు ఘట్టాలను కాలక్రమం పట్టించుకోకుండా ఒకే చట్రంలో కూర్చడం, పాత్రను ఒక్కసారే చూపి దాని చుట్టూ అనేక ఘట్టాలను ముడివేయడం వంటి రీతులను ఆమె వేరుచేసి చూపారు. వీటిని తెలుగులో ఏకదృశ్య, అనుక్రమ, అవిచ్ఛిన్న, సంగ్రహ, సమ్మేళన రీతులని పిలువవచ్చు. పేర్లు మారినా ఫరవాలేదు. ఈ భేదాలను గుర్తించే పరిభాష తెలుగులో స్థిరపడకపోవడమే లోటు.

చెన్నై మ్యూజియంలోని నలగిరి ఫలకాన్ని చూడండి. వేదికను అలంకరించిన వృత్తాకార ఫలకం అది. బుద్ధునిపైకి ఉసిగొల్పిన మదగజం రాజగృహ వీథిలో బీభత్సం సృష్టిస్తుంది. అదే వృత్తంలో అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. రెండు ఏనుగుల మధ్య గీత లేదు, చట్రం లేదు. ఇళ్ల కిటికీలలోనుంచి స్త్రీపురుషులు చూస్తున్నారు. వీథిలో ఉన్నవారు భయంతో ఒకరినొకరు పట్టుకొంటున్నారు. వినయపిటకంలోని చుల్లవగ్గంలో కూడా మేడలెక్కి చూసిన జనం ఉన్నారు. విశ్వాసం లేనివారు ఒక మాట అంటారు, విశ్వాసం ఉన్నవారు మరొక మాట అంటారు. గ్రంథం జనాన్ని మాటలతో రెండుగా చీల్చింది. శిల్పి చేతిలో మాట లేదు. అతడు జనాన్ని దేహాలతో చూపాడు. కౌగిలించుకొన్న చేయి, వెనక్కు జరిగిన అడుగు, కిటికీలోనుంచి వంగిన మెడ అక్కడ వాక్యాలు. గ్రంథంలో భీభత్సం ముందు, శాంతి తర్వాత వస్తాయి. వృత్తఫలకంలో రెండూ ఒక్కచూపులో అందుతాయి. చూపరి కన్ను ఒక ఏనుగు నుంచి రెండవదానికి, మళ్లీ మొదటిదానికి తిరుగుతూనే ఉంటుంది. క్రౌర్యం, శరణాగతి ఒకే జీవిలోని రెండు స్థితులన్న ఆలోచనను ఈ నిర్మాణమే పుట్టిస్తుంది. ఇది పాఠానికి అనువాదం కాదు. పాఠం చేయలేని పని.

మరొక ఉదాహరణ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకం. అందులో నాలుగు దృశ్యాలున్నాయి. పై వరుసలో కుడివైపు మాయాదేవి స్వప్నం, ఎడమవైపు ఆ స్వప్నఫలం వివరించడం. కింది వరుసలో కుడివైపు జననం, ఎడమవైపు శిశువును శాక్యుల కులదేవత అయిన యక్షుని సన్నిధికి తీసుకొనిపోవడం. కథ రెండు వరుసలలోనూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది. అచ్చుపుస్తకానికి అలవాటుపడిన కన్ను దీనిని తలక్రిందుగా చదివి, ఘట్టాల క్రమం తప్పిందని అనుకొనే ప్రమాదం ఉంది. చైత్యం చుట్టూ ప్రదక్షిణం చేసేవానిని తలచుకొంటే చిక్కు విడిపోతుంది. ప్రదక్షిణంలో చైత్యం ఎప్పుడూ కుడిచేతివైపు ఉంటుంది. ఆ మనిషి చైత్యం వైపు ముఖం తిప్పి చూస్తే, తన నడక ఎడమవైపుకు సాగుతుంది. అంటే దృశ్యాలు అతనికి కుడినుంచి ఎడమకు ఎదురవుతాయి. అతడే వెనుదిరిగి వేదిక లోపలిముఖాన్ని చూస్తే నడక కుడివైపుకు సాగుతుంది. అక్కడ దృశ్యాలు ఎడమనుంచి కుడికి వస్తాయి. ఒకే స్తూపంలో రెండు గోడలకు రెండు పఠనదిశలు సహజంగా ఏర్పడుతున్నాయి. ప్రతి ఫలకమూ ఈ సూత్రానికి లొంగుతుందని చెప్పలేం. లొంగనిచోట ఎందుకు లొంగలేదని అడగడమే పరిశోధన. పాఠకుని పాదాలు పఠనంలో భాగమైన ఇటువంటి కథనం గురించి మన కథనసిద్ధాంతంలో ఒక పేరా కూడా లేకపోవడం ఆశ్చర్యం కలిగించాలి.

ఈ ఫలకంలో ఇంకొక విశేషం ఉంది. శిశువు కనిపించడు. దేవతలు పట్టుకొన్న వస్త్రంమీద చిన్న పాదముద్రలు మాత్రమే ఉంటాయి. సాంచి తూర్పుతోరణంమీది మహాభినిష్క్రమణ దృశ్యంలో కూడా గుర్రం వీపు శూన్యం. గొడుగు మాత్రం నీడ పడుతూ ఉంటుంది. బుద్ధుని రూపానికి బదులు చిహ్నాలు వాడడంపై ఫూషె కాలంనుంచి చర్చ ఉంది. 1990 ప్రాంతంలో సూసన్ హంటింగ్టన్, దెహేజియాల మధ్య జరిగిన వాదం దానిని మళ్లీ తెరిచింది. ఆ చర్చ మతచరిత్ర దృష్టితో సాగింది. సాహిత్యవిద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు: కథానాయకుడు కనిపించకుండా కథ ఎట్లా నడుస్తుంది? చుట్టూ ఉన్నవారి చూపులు, వంగిన శరీరాలు, చాచిన చేతులు ఒక ఖాళీ వైపు మళ్లి, ఆ ఖాళీని కథాకేంద్రంగా నిలబెడతాయి. అమరావతిలో మానవరూపంలోని బుద్ధుడు కూడా ఉన్నాడు. కాబట్టి ఒకచోట చూపడం, మరొకచోట చూపకపోవడం కథకుని చేతిలోని ఎంపికలుగా కూడా పరిశీలించదగినవి. తెరవెనుక పాత్రల గురించి నాటకవిమర్శలో మనం రాసే పుటలన్నింటికీ ఇక్కడ ఒక ప్రాచీన నిదర్శనం ఉంది.

నాగార్జునకొండ ఆయకవేదికల పొడవైన దూలాలమీద మరొక పద్ధతి కనిపిస్తుంది. అక్కడ దృశ్యానికి దృశ్యానికి మధ్య స్త్రీపురుష మిథునాలు నిలిచి ఉంటాయి. కథతో వారికి సంబంధం లేదు. వారు విరామచిహ్నాలు. ఒక ఘట్టం ముగిసిందని, మరొకటి మొదలవుతున్నదని చూపరికి చెప్పడం వారి పని. ఆశ్వాసాంత పద్యాల గురించి, కథాసంధుల గురించి శ్రద్ధగా రాసే మనం ఈ సంధిస్థానాలను ‘అలంకారం’ అనే ఒక్క మాటతో దాటవేశాం.

జగ్గయ్యపేటలో దొరికి, మాంధాత కథగా పండితులు గుర్తించిన ఫలకం ఏకదృశ్యరీతికి మంచి మాదిరి. సప్తరత్నాల నడుమ చక్రవర్తి చేయి ఎత్తి నిలుచున్నాడు, మేఘాలనుంచి నాణేలు కురుస్తున్నాయి. తృప్తి ఎరుగని ఆ రాజు స్వర్గానికి ఎక్కి ఇంద్రుని అర్ధాసనం పొంది, అదీ చాలక పతనమైన సంగతి ఫలకంలో లేదు. కథ తెలిసిన చూపరి మనసులో ఉంది. శిల్పి వైభవశిఖరాన్ని మాత్రం చెక్కి పతనాన్ని చూపరికి వదిలిపెట్టాడు. చెప్పకుండా స్ఫురింపజేయడాన్ని ధ్వని అని పేరుపెట్టి పాఠ్యాంశంగా బోధించే శాఖలకు ఈ ఫలకం కనిపించకపోవడం విచిత్రం.

ఇంతకంటె విచిత్రం మన పరిభాషలోనే ఉంది. కథనకౌశలాన్ని మనం పిలిచే పేరు ‘శిల్పం’. వల్లంపాటి వెంకటసుబ్బయ్య తన ప్రసిద్ధ విమర్శగ్రంథాలకు ‘కథాశిల్పం’, ‘నవలాశిల్పం’ అని పేర్లు పెట్టారు. ఆ మాటను రాతిపని నుంచి అరువు తెచ్చుకొన్నాం. అరువిచ్చినవాడి ఇంట్లో ఏముందో చూడడానికి మాత్రం వెళ్లలేదు.

ఆక్షేపణలు

ఈ వాదంపై రాదగిన ఆక్షేపణలు మూడు. మొదటిది భాషకు సంబంధించినది: ఈ శిల్పాలలో తెలుగు లేదు, శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి, వీటికి తెలుగు సాహిత్యచరిత్రలో చోటెక్కడిది? ఈ నియమం మనం నిజంగా పాటిస్తున్నట్లయితే గౌరవించవలసిందే. కాని హాలుని గాథాసప్తశతి ప్రాకృతం. దానిలో తెలుగు పదాలను వెతికి, తెలుగు పల్లె జీవితాన్ని వెతికి, సాహిత్యచరిత్ర పూర్వరంగంలో కూర్చోబెట్టాం. గుణాఢ్యుని బృహత్కథ పైశాచి. పైగా మూలం దొరకనే లేదు. దానికీ పూర్వరంగంలో పీట వేశాం. కనిపించని బృహత్కథకు ఉన్న చోటు కళ్లముందున్న రాతికథలకు లేదంటే, అడ్డుపడుతున్నది భాషానియమం కాదని స్పష్టం. అక్షరం ఉంటేనే సాహిత్యం అన్న నియమం అడ్డుపడుతున్నది.

రెండవ ఆక్షేపణ ఆ నియమాన్నే సమర్థిస్తుంది: మాటలేనిది సాహిత్యం కాదు. ఈ నియమాన్ని కూడా మనం ఇదివరకే సడలించాం. చేర్యాల నకాషీ పటాలను, వాటిని చూపుతూ కులపురాణాలు గానం చేసే పటంకథలను జానపదసాహిత్య విభాగాలు పరిశోధనాంశాలుగా అంగీకరించాయి. తోలుబొమ్మలాటను అంగీకరించాయి. అంగీకరించడం సరైనదే. బొమ్మా మాటా కలిసి కథ అవుతాయని, బొమ్మల వరుస కథాక్రమాన్ని నిర్ణయిస్తుందని ఆ పరిశోధనలు మనకు నేర్పాయి. బట్టమీద ఒప్పుకొన్న సూత్రాన్ని రాతిమీద ఒప్పుకోకపోవడానికి హేతువు చెప్పవలసిన బాధ్యత ఆక్షేపించేవారిది. పటం పక్కన కథకుడు ఉన్నాడు, స్తూపం పక్కన లేడని అనవచ్చు. నేడు లేడు. నాడు ఎవరూ లేకుండా ఈ కథలు యాత్రికులకు అర్థమయ్యాయని అనుకోవడం కష్టం. భారహూత్ శిల్పులు అనేక దృశ్యాల పక్కన జాతకం పేరు చెక్కారు. అమరావతిలో అటువంటి నామలేఖనాలు అరుదు. పేరు చెక్కని చోట పేరు చెప్పే నోరు ఏదో ఉండి ఉండాలి, లేదా కథ అప్పటికే అందరి నోటా ఉండి ఉండాలి. ఏది నిజమైనా అది మౌఖికసాహిత్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నయే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చేర్యాల పటం అమరావతి ఫలకానికి వారసత్వం అని ఈ వ్యాసం వాదించడం లేదు. వేయి సంవత్సరాలకు పైబడిన ఎడాన్ని గర్వంతో పూడ్చడం పరిశోధన కాదు. రెండింటినీ ఒకే పద్ధతితో చదవవచ్చునన్నది మాత్రమే వాదం.

మూడవ ఆక్షేపణ వినయం రూపంలో వస్తుంది: ఇది పురావస్తు శాస్త్రజ్ఞుల రంగం, మనకు అధికారం లేదు. శాసనాలు కూడా వారి రంగమే. అయినా శాసనభాషపై తెలుగు శాఖలలో ఎన్నో సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. లిపి నేర్చుకొని శాసనం చదివినవారు, రీతులు నేర్చుకొని శిల్పం చదవలేరా? పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫలకం ఎప్పటిదో, ఎక్కడిదో చెబుతాడు. అందులో కథ ఎట్లా నడిచిందో చెప్పవలసినవాడు కథనశాస్త్రం చదివినవాడు. వదిలిపెట్టిన బాధ్యతకు వినయం అని పేరు పెట్టుకోరాదు.

పొగడ్త చదువు కాదు

ఈ ఉపేక్షకు తోడుగా ఒక పొగడ్త కూడా పెరిగింది. ఆంధ్రశిల్పి రాతికి ప్రాణం పోశాడని, రాయి పాలలా కరిగిందని, ఇది మన జాతి ఘనత అని రాసే వాక్యాలు మన వ్యాసాలలో విరివిగా ఉన్నాయి. 2015లో రాజధానికి అమరావతి పేరు పెట్టిన తరువాత ఆ ధోరణి మరింత పెరిగింది. అటువంటి వాక్యాన్ని ఏ ఫలకం కిందనైనా పెట్టవచ్చు. ఏ ఫలకానికైనా సరిపోయే వాక్యం ఏ ఫలకాన్నీ చదవలేదని అర్థం.

ఘనత అనే మాట మరొక సత్యాన్ని కూడా కప్పివేస్తుంది. ఈ కథనసంపుటిని రాజులు ఒక్కరే నిర్మించలేదు. అమరావతి దానశాసనాలలో గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు ఉన్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి దానం చేశాడు. నాగార్జునకొండ మహాచైత్య నిర్మాణంలో ఇక్ష్వాకు రాజవంశ స్త్రీలు, ముఖ్యంగా చాంతిసిరి, ప్రధానపాత్ర వహించారు. తెలుగు కావ్యానికి కృతిపతి ఎవరని అడిగే సంప్రదాయం మనది. ఆ ప్రశ్న ఇక్కడ అడిగితే రాజాస్థానం బయట చర్మకారుని ఇంటినుంచి, భిక్షుణీవిహారంనుంచి సమాధానాలు వస్తాయి. సాహిత్యపోషణ చరిత్రను ఆస్థానాలతో మొదలుపెట్టే అలవాటుకు ఇది గట్టి సవాలు. ఆ సవాలును స్వీకరించడం కంటె ‘ప్రాణం పోశాడు’ అనడం తేలిక.

చదవకపోవడం వల్ల పోయేది ఏమిటో ఈ రాళ్ల చరిత్రే చెబుతుంది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసేనాటికి, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన కొత్త పట్టణానికి రాళ్ల కోసం దానిని తవ్వించి ఉన్నాడు. పలనాటి సున్నపురాయి కావడం వల్ల ఎన్నో ఫలకాలు సున్నపు బట్టీలలో కాలిపోయాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి చిత్రకారులచేత గీయించిన చిత్రాలలో ఉన్న కొన్ని ఫలకాలకు ఇప్పుడు ఆ చిత్రాలే ఆధారం. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి మద్రాసులో పడి ఉండి 1859లో లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. తరువాతి తవ్వకాలలో దొరికినవాటిలో అధికభాగం మద్రాసుకు వెళ్లాయి. నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయం కింద మునిగింది. శిల్పాలు ద్వీపంమీది మ్యూజియంలోకి ఎక్కాయి. బట్టీలో రాయిని వేసినవానికి అది కథ అని తెలియదు. అతనిని నిందించి లాభం లేదు. ఈ రోజు కథ అని తెలిసినవారమే దానిని చదవకుండా ఉంటే, నిందకు అర్హులం మనం.

ముక్కలైన స్తూపానికి క్రమం పోయింది. మ్యూజియం గోడమీద ఫలకం పక్కన ఫలకం అందం కోసమో, స్థలం కోసమో అమరింది. ప్రదక్షిణ దిశ పోయింది, వేదికకూ చైత్యానికీ మధ్య ఎదురుబొదురు సంబంధం పోయింది. పుటలు విడిపోయిన తాళపత్రగ్రంథాన్ని చూసి ఏ పరిష్కర్తా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పత్రాల క్రమం నిర్ణయించడం, పాఠభేదాలు పోల్చడం, లుప్తభాగాన్ని సూచించడం తెలుగు పండితులకు కొట్టినపిండి. మెకంజీ చిత్రాలు, శాసనాలు, తవ్వకాల నివేదికలు, మిగిలిన ఫలకాలు ముందు పెట్టుకొని చేయవలసిన గ్రంథపరిష్కరణ ఇది. ఆ విద్య మనకుంది. దానిని ఈ గ్రంథానికి వర్తింపజేయాలన్న ఇచ్ఛ లేదు.

చేయవలసినది

ఖండనతో ఆగడం ధర్మం కాదు. తెలుగు శాఖలు వెంటనే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. స్నాతకోత్తర స్థాయిలో కథనశాస్త్రం బోధించే పత్రంలో ఒక భాగాన్ని శిల్పకథనానికి కేటాయించాలి. నలగిరి, మాయాస్వప్నం, శిబి, మాంధాత, వెస్సంతర ఫలకాలు అయిదింటితో ఆ భాగాన్ని నడపవచ్చు. ప్రతి ఫలకానికీ తెలుగులో సవివరమైన వచనవర్ణన సిద్ధం కావాలి. అందులో ఫలకం స్తూపంలో ఏ భాగానిది, దృశ్యాలు ఏ దిశలో నడుస్తాయి, ఏ పాత్ర ఎన్నిసార్లు వస్తుంది, ఏది చూపారు, ఏది విడిచారు అన్నవి ఉండాలి. కథాసారాంశం చివర ఉండాలి, మొదట ఉండరాదు. సారాంశం ముందు చదివినవాడు రాతిలో దానినే వెతుకుతాడు, రాతిలో ఉన్నదానిని చూడడు.

కావ్యాలను ఫలకాలతో కలిపి చదివించాలి. పింగళి–కాటూరి కవుల ‘సౌందరనందము’ పాఠ్యాంశమైన తరగతిలో నందుడు, ఆ కోతి ఉన్న నాగార్జునకొండ ఫలకం కూడా పాఠ్యాంశం కావాలి. అశ్వఘోషుడు, నాగార్జునకొండ శిల్పి, ఇరవయ్యో శతాబ్దపు జంటకవులు ఒకే కథను మూడు మాధ్యమాలలో, మూడు కాలాలలో ఎట్లా నడిపారన్నది ఒక పరిశోధకునికి చాలినంత విషయం. అరణ్యపర్వంలోని శిబి పక్కన రాతి శిబిని పెట్టాలి. గోలి శిల్పాలపై టి.ఎన్. రామచంద్రన్ 1929లోనే గ్రంథం ప్రచురించారు. అందులోని వెస్సంతర కథను సాంచి ఉత్తరతోరణంమీది వెస్సంతర కథతో పోల్చి చూస్తే, ఒకే కథను రెండు ప్రాంతాలవారు ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ నిలిపారో తెలుస్తుంది. తెలంగాణలో ఫణిగిరి తోరణశిల్పం వెలుగులోకి వచ్చిన తరువాత ఈ పోలికకు కొత్త సామగ్రి చేరింది. సరిహద్దుకు ఆవల కనగనహళ్లిలో పేర్లు చెక్కిన ఫలకాలు దొరికాయి. సామగ్రి లేదనే సాకు ఇక చెల్లదు.

సాహిత్యచరిత్ర తొలి అధ్యాయాన్ని తిరిగి రాయడం ఈ పనులన్నింటి తరువాత రావాలి. ముందుగా రాస్తే అది మరొక పొగడ్త అవుతుంది. ఆ అధ్యాయంలో ‘నాగబు’ చర్చ ఉండవచ్చు. అది ఉన్న పుటలోనే, వీథిలో రెండుసార్లు కనిపించే ఏనుగు కూడా ఉండాలి. తెలుగు నేలమీద కథను ఎట్లా చెప్పాలో తెలిసినవారు నన్నయకు ముందు ఉన్నారా అని అడిగే విద్యార్థికి, ఉన్నారని చెప్పి, వారు చెప్పిన తీరును చూపగల అధ్యాపకుడు కావాలి. అటువంటి అధ్యాపకుని తయారుచేసే పని చరిత్ర శాఖకూ, పురావస్తు శాఖకూ అప్పగించలేం. అది తెలుగు శాఖ పని.